కోతకు ముందు నెత్తురు చెప్పే మాట

గడ్డ కనపడితే తీసేయాలి. క్యాన్సర్ గురించి మన ఇళ్లలో పాతుకుపోయిన తర్కం ఇది. చాలా క్యాన్సర్లకు, తొలి దశల్లో, ఇది సరైన తర్కమే. అందుకే కిడ్నీలో అరచేయంత గడ్డ ఉందనీ, ఊపిరితిత్తులకూ ఎముకలకూ పాకిందనీ చెప్పిన వైద్యుడు ఆ వెంటనే ‘ఇప్పుడే ఆపరేషన్ వద్దు, ముందు మందులు మొదలుపెడదాం’ అంటే ఇంట్లోవాళ్లకు మింగుడుపడదు. ‘చేతులెత్తేశారా డాక్టరుగారూ?’ అని అడిగేస్తారు. అప్పుడు ఆయన స్కానింగ్ ఫిల్మును పక్కనపెట్టి ఒక సాదాసీదా రక్తపరీక్ష కాగితాన్ని ముందుకు జరుపుతారు. హిమోగ్లోబిన్ తక్కువ, ప్లేట్‌లెట్లు ఎక్కువ, కాల్షియం కాస్త ఎక్కువ. ఇంత పెద్ద నిర్ణయానికి ఈ మూడు అంకెలా ఆధారం?

ఆ కాగితంలో ఖరీదైన జన్యుపరీక్ష ఏదీ ఉండదు. జ్వరం వస్తే వీధి చివరి ల్యాబులో రక్తకణాలను లెక్కపెట్టే సీబీపీ, దానికి తోడు కాల్షియం, రక్తంలోని ప్రొటీన్ అయిన అల్బుమిన్, కణాల్లో ఉండే ఎంజైమ్ ఎల్‌డీహెచ్, ఒంట్లో మంటను సూచించే సీఆర్‌పీ. చివరి రెండు పేర్లూ 2021 వేసవిలో, కోవిడ్ రెండో ఉద్ధృతి నాడు, మనకు కంఠతా వచ్చాయి. సీఆర్‌పీ ఎంత వచ్చిందని పక్కింటివాళ్లు సైతం అడిగిన రోజులవి. కిడ్నీ క్యాన్సర్ వైద్యులు ఇవే అంకెలను అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే చదువుతున్నారు, వేరే ప్రశ్నకు జవాబు వెతుకుతూ.

ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. క్యాన్సర్ ఒక అవయవంలో పుట్టి దూరంగా ఉన్న అవయవాలకు పాకితే, మొదటి గడ్డను తీయడానికి వైద్యులు సాధారణంగా తొందరపడరు. దొంగలు ఊరంతా చెదిరిపోయాక వాళ్లు మొదట దాక్కున్న ఇంటిని కూల్చితే ఏం లాభం? కిడ్నీ క్యాన్సర్ మాత్రం ఈ నియమానికి చాలాకాలం మినహాయింపుగా నిలిచింది. 2001లో రెండు క్లినికల్ ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి, ఒకటి అమెరికాలో, ఇంకొకటి ఐరోపాలో. రెండింటిలోనూ ఒక వర్గానికి రోగనిరోధక శక్తిని ఎగదోసే ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు మాత్రమే ఇచ్చారు. రెండో వర్గానికి ముందు కిడ్నీ తీసేసి, ఆ తర్వాత అవే ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండు లెక్కలూ కలిపి చూస్తే మధ్యస్థ ఆయుష్షు, అంటే సగం మంది దాటగలిగిన కాలం, 7.8 నెలల నుంచి 13.6 నెలలకు పెరిగింది. ఆరు నెలలేనా అనిపించవచ్చు. కానీ ఈ జబ్బులో అప్పటికి అది చిన్న తేడా కాదు. సైటోరిడక్టివ్ నెఫ్రెక్టమీ, అంటే ఒంట్లోని క్యాన్సర్ బరువు తగ్గించడానికి కిడ్నీని తీసేయడం, అలా రివాజుగా మారింది. అది ఎందుకు పనిచేసిందో మాత్రం ఎవరూ గట్టిగా తేల్చలేదు. గడ్డ రోగనిరోధక శక్తిని తనవైపు లాగి నిర్వీర్యం చేస్తోందని కొందరు, మిగతా చోట్లకు పెరుగుదల సంకేతాలు పంపుతోందని మరికొందరు అన్నారు.

తర్వాత మందులు మారాయి. 2005 డిసెంబరులో సొరాఫెనిబ్, 2006 జనవరిలో సునిటినిబ్ అమెరికాలో అనుమతి పొందాయి. గడ్డకు రక్తం మోసుకెళ్లే కొత్త నాళాలు మొలవకుండా అడ్డుకునే మాత్రలివి. మందు బలపడ్డాక కత్తి అవసరం ఎంత మిగిలింది? ఫ్రాన్స్ వైద్యుల నాయకత్వంలో 2009లో మొదలైన కార్మెనా ట్రయల్ ఈ ప్రశ్నను నేరుగా అడిగింది. 2018లో జవాబు వచ్చింది. ముందు ఆపరేషన్, తర్వాత సునిటినిబ్ అందుకున్న వర్గంలో మధ్యస్థ ఆయుష్షు 13.9 నెలలు. సునిటినిబ్ మాత్రమే వాడినవారిలో 18.4 నెలలు. ఆపరేషన్ మానితే నష్టం లేదని చూపించడమే ఆ ట్రయల్ లక్ష్యం. అది నెరవేరింది.

ఇక కత్తి పక్కన పెట్టేయవచ్చని చాలామంది అన్నారు. నా మటుకు నాకు ఆ ట్రయల్‌లో తేలిన ఫలితం కంటే దానిలో చేరినవాళ్లే ఎక్కువ ఆసక్తి కలిగిస్తారు. దాదాపు 80 కేంద్రాలు, ఎనిమిదేళ్లు, 450 మంది రోగులు. సగటున ఒక్కో కేంద్రం ఏడాదికి ఒక్క రోగిని కూడా చేర్చలేదన్నమాట. ఎందుకంటే దృఢంగా ఉన్న రోగి వస్తే ‘ఇతనికి ఆపరేషన్ మంచిది’ అని సర్జన్లు ట్రయల్ బయటే చేసేశారు. ట్రయల్‌లోకి వచ్చినవారిలో నలభై శాతం పైచిలుకు అప్పటికే రక్తపరీక్షలు, ఒంటి పరిస్థితి ప్రకారం అధమ వర్గంలో ఉన్నారు. ఆపరేషన్ వర్గంలోని 226 మందిలో 40 మంది సునిటినిబ్ మొదలుపెట్టే దాకా రాలేకపోయారు. కాబట్టి ఆపరేషన్ ఎవరికీ వద్దని కార్మెనా తేల్చిందనడం తొందరపాటు. ఈ రకమైన రోగులకు ముందే కోత పెట్టవద్దని మాత్రం గట్టిగా చెప్పింది. ఆ ‘రకాన్ని’ గుర్తుపట్టడానికే రక్తం కాగితం.

గుర్తుపట్టే పద్ధతుల్లో ప్రస్తుతం ఎక్కువగా వాడేది ఐఎండీసీ స్కోరు. డేనియల్ హెంగ్ నాయకత్వంలో ఒక అంతర్జాతీయ బృందం 645 మంది రోగుల వివరాలతో 2009లో దీన్ని రూపొందించింది. ఆరు ప్రశ్నలు. రోగి తన పనులు తాను చేసుకోలేకపోతున్నాడా? జబ్బు బయటపడ్డాక ఏడాదిలోపే మందులు అవసరమయ్యాయా? మిగతా నాలుగూ నెత్తుటి ప్రశ్నలే: హిమోగ్లోబిన్ తక్కువా, కాల్షియం ఎక్కువా, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువా, ప్లేట్‌లెట్లు ఎక్కువా? ఒక్కో ‘అవును’కు ఒక్కో మార్కు. సున్నా వస్తే అనుకూల వర్గం, ఒకటి రెండు వస్తే మధ్యమం, మూడు గానీ అంతకు మించి గానీ వస్తే అధమం. ఆ తొలి లెక్కలో మధ్యమ వర్గం మధ్యస్థ ఆయుష్షు 27 నెలలు, అధమ వర్గానిది 8.8 నెలలు. అంతకు పదేళ్ల ముందు న్యూయార్క్‌లో రాబర్ట్ మోట్జర్ తయారుచేసిన స్కోరులో ఎల్‌డీహెచ్ కూడా ఉండేది.

కిడ్నీలో గడ్డకూ ప్లేట్‌లెట్లకూ సంబంధం ఏమిటి? కిడ్నీ క్యాన్సర్ కణాలు, వాటి చుట్టూ చేరిన రక్షక కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత పదార్థాన్ని వదులుతుంటాయి. అది కాలేయాన్ని చేరి సీఆర్‌పీని తయారుచేయిస్తుంది. ప్లేట్‌లెట్ల ఉత్పత్తిని ఎగదోస్తుంది. హెప్సిడిన్ అనే ఇంకో పదార్థాన్నీ పుట్టిస్తుంది. ఆ హెప్సిడిన్ ఒంట్లో ఉన్న ఇనుమును గోదాముల్లో వేసి తాళం పెడుతుంది. ఇనుము ఉండి కూడా ఎముక మజ్జకు అందదు, హిమోగ్లోబిన్ పడిపోతుంది. అల్బుమిన్ తగ్గడం, ఆకలి చచ్చిపోవడం, బరువు తగ్గడం కూడా ఈ తోవలోవే. కాల్షియం కథ వేరు. కొన్ని గడ్డలు పారాథైరాయిడ్ హార్మోనును పోలిన పదార్థాన్ని తయారుచేసి ఎముకల నుంచి కాల్షియాన్ని రక్తంలోకి కరిగిస్తాయి. క్యాన్సర్ ఎముకకే చేరితే కూడా అదే జరుగుతుంది.

ఎల్‌డీహెచ్‌కు మరింత లోతైన మూలం ఉంది. కిడ్నీ క్యాన్సర్లలో అధికభాగమైన క్లియర్ సెల్ రకంలో వీహెచ్ఎల్ అనే జన్యువు సాధారణంగా చెడిపోయి ఉంటుంది. ఆక్సిజన్ సరిపడా ఉన్నప్పుడు ‘కరవు’ గంటను మోగనివ్వకుండా ఆపడం ఈ జన్యువు పని. అది చెడితే గంట ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఆక్సిజన్ లేదని భ్రమపడిన కణం కొత్త రక్తనాళాలను పిలుస్తుంది, చక్కెరను అడ్డదారిలో కాల్చుకుంటుంది. ఆ అడ్డదారిలో పనిచేసే ఎంజైమే ఎల్‌డీహెచ్. ఈ గంట ఎలా పనిచేస్తుందో కనుక్కున్నందుకే కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది. తమాషా ఏమిటంటే, రక్తకణాల ఉత్పత్తిని పెంచే ఎరిత్రోపాయిటిన్ కూడా ఇదే గంటకు స్పందిస్తుంది. అందుకే కొద్దిమంది కిడ్నీ క్యాన్సర్ రోగుల్లో హిమోగ్లోబిన్ తగ్గకపోగా మామూలు కంటే పెరుగుతుంది.

కాబట్టి ఈ అంకెల్లో చాలావరకు గడ్డ ఎంత ఉందో కొలవవు. జబ్బు ఒంటిని ఎంత రగిలిస్తోందో, ఎంత వేగంగా నడుస్తోందో చెబుతాయి. ఆపరేషన్ నిర్ణయానికి కావలసింది సరిగ్గా ఈ వేగమే. పెద్ద కోత తర్వాత కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో మందు ఉండదు. జబ్బు నెమ్మదిగా నడిచేదైతే ఆ విరామం భరించవచ్చు. పరుగెత్తేదైతే గాయం మానేలోపు ఊపిరితిత్తుల్లోని మచ్చలు గడ్డలవుతాయి, రోగి మందు మొదలుపెట్టే స్థితిలో ఉండడు. కార్మెనాలోని ఆ 40 మంది దగ్గర నేను ఆగింది ఇందుకే.

ఐఎండీసీ స్కోరులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. జబ్బు బయటపడిన నాడే అది పాకి ఉందని తెలిస్తే, మందులు ఏడాదిలోపే మొదలవుతాయి గనుక, ఒక మార్కు దానంతటదే పడిపోతుంది. అంటే కిడ్నీలో గడ్డ ఉండగానే పాకిన జబ్బుతో వచ్చిన మనిషి ‘అనుకూల’ వర్గంలో ఉండటం దాదాపు అసాధ్యం. అతని ఆట ఒకటి నుంచే మొదలవుతుంది. ఒకటా, రెండా అన్నది చాలాసార్లు రక్తం కాగితంలో ఒకే ఒక్క వరుస తేలుస్తుంది. కార్మెనా బృందం తర్వాతి విశ్లేషణలో సరిగ్గా ఇక్కడే గీత కనపడింది. ఒక్క మార్కే ఉన్నవారిలో ఆపరేషన్ చేయించుకున్న వర్గం కొంత మెరుగ్గా కనిపించింది, అయితే ఆ తేడా గణాంకాల పరీక్షకు నిలిచేంత బలమైనది కాదు. రెండు మార్కులున్నవారిలో ఆపరేషన్ లేకుండా మందు వాడినవారే స్పష్టంగా ఎక్కువకాలం బతికారు.

దీన్నిబట్టి ఒకటైతే కత్తి, రెండైతే మాత్ర అని సూత్రం రాసేసుకోవచ్చా? తొందరపడకూడదు. ఈ రంగంలో ఎక్కువ గందరగోళం పుట్టేది ఇక్కడే. నారు పాలిపోయిందని చూసి ఈసారి దిగుబడి తగ్గుతుందని రైతు చెప్పగలడు. యూరియా చల్లితే అది కోలుకుంటుందా, ఇంకా మాడిపోతుందా అన్నది మాత్రం ఆ పాలిపోవడాన్ని చూసి తేల్చలేడు. మొదటిది జోస్యం, రెండోది చికిత్సను ఎంచుకోవడం. ఐఎండీసీ మార్కులు పుట్టింది జోస్యం కోసం. ఎవరు ఎంతకాలం బతుకుతారో అవి బాగా చెబుతాయి. ఫలానా మనిషికి ఆపరేషన్ వల్ల ఆయుష్షు పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. హెంగ్ బృందమే 2014లో 1,658 మంది పాత రికార్డులు తిరగేసి, మొత్తంమీద ఆపరేషన్ జరిగినవారు ఎక్కువకాలం బతికారనీ, నాలుగు అంతకు మించి మార్కులున్నవారికి మాత్రం ఆ లాభం కనిపించలేదనీ రాసింది. హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ వైద్యులు 2010లో తక్కువ అల్బుమిన్, ఎక్కువ ఎల్‌డీహెచ్, కాలేయానికి పాకడం వంటి లక్షణాలను లెక్కించి అలాంటి నిర్ణయానికే వచ్చారు. అయితే పాత రికార్డుల్లో ఆపరేషన్ బల్ల ఎక్కేది ఎవరు? సర్జన్ చూసి ‘తట్టుకుంటాడు’ అనుకున్నవాడు. వాడు ఆపరేషన్ లేకున్నా పక్కమంచం రోగి కంటే ఎక్కువే బతికేవాడేమో. ఆ సందేహాన్ని రికార్డులు తీర్చలేవు.

కాగితాలన్నీ చదివాక నాకు నిలిచిన అభిప్రాయం ఒకటే. ఈ అంకెలు కత్తిని ఆపడానికి పనికొస్తాయి, పిలవడానికి అంతగా పనికిరావు. మూడు నాలుగు మార్కులు పడ్డ మనిషికి వెంటనే కోత వద్దనడానికి కావలసినంత ఆధారం ఉంది. అంకెలన్నీ బాగున్న మనిషికి కోత కావాలనడానికి ఆధారం పలచన. అక్కడ స్కాన్ మాట వినాలి: మొత్తం జబ్బులో ఎక్కువ భాగం కిడ్నీలోనే ఉందా, బయట ఉన్నవి రెండు మూడు చిన్న మచ్చలేనా?

ఎదురు వాదన కూడా ఉంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. 1961లో స్టాఫర్ అనే అమెరికన్ వైద్యుడు ఒక వింతను వర్ణించాడు. కాలేయానికి క్యాన్సర్ పాకకపోయినా కొందరు కిడ్నీ క్యాన్సర్ రోగుల్లో కాలేయ పరీక్షలు చెడ్డగా వస్తాయి. కిడ్నీ తీసేశాక అవి సర్దుకుంటాయి. అంటే రక్తంలో కనపడే మంట మూలం కొన్నిసార్లు కిడ్నీలోని గడ్డే. ఆపరేషన్ తర్వాత సీఆర్‌పీ మామూలుకు దిగినవారు ఎక్కువకాలం బతుకుతున్నారని జపాన్ వైద్యులు కూడా గమనించారు. అలాంటప్పుడు చెడ్డ అంకెలు కోతకు అడ్డమా, కారణమా? పొయ్యి ఏ గదిలో మండుతోందో పొగను చూసి చెప్పలేకపోవడమే ఇక్కడి చిక్కు.

మన దగ్గర ఈ పొగకు ఇంకో రెండు మూడు పొయ్యిలు తోడవుతాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి, పురుషులలో 25 శాతానికి రక్తహీనత ఉంది. కిడ్నీ క్యాన్సర్ ఎక్కువగా ఆ వయసు దాటాకే వస్తుంది, నిజమే. అయినా ఏళ్ల తరబడి హిమోగ్లోబిన్ 11 దాటని తల్లికి అరవయ్యో ఏట ఈ జబ్బు వస్తే, ఆ తక్కువతనం గడ్డ పుణ్యమా, పాత ఇనుము లోపమా? ఫెరిటిన్ పరీక్ష ఇక్కడ కొంత దారి చూపిస్తుంది. ఇనుమే లేకపోతే అది తక్కువ వస్తుంది, వాపు ప్రక్రియ వల్ల ఇనుముకు తాళం పడి ఉంటే మామూలుగానో ఎక్కువగానో వస్తుంది. మూత్రంలో రక్తం పోయి పోయి హిమోగ్లోబిన్ తగ్గినవారూ ఉంటారు. క్షయ ఉంటే సీఆర్‌పీ, ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. మధుమేహ రోగికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే న్యూట్రోఫిల్స్ ఎగబాకుతాయి.

కాల్షియాన్ని ఉన్నదున్నట్టు చదవడం ఇంకో పొరపాటు. రక్తంలో కాల్షియం కొంత అల్బుమిన్‌ను పట్టుకుని తిరుగుతుంది. అల్బుమిన్ తగ్గిన మనిషిలో మొత్తం కాల్షియం అంకె మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది. అందుకే అల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువుందో చూసి, దాన్ని 0.8తో గుణించి కాల్షియానికి కలుపుతారు. కాల్షియం 10, అల్బుమిన్ 2.5 అనుకోండి. లోటు 1.5, గుణిస్తే 1.2, అసలు కాల్షియం 11.2. కాగితంలో ఎర్ర గుర్తు లేని అంకె ఒక మార్కు పడేసిందన్నమాట. ఎల్‌డీహెచ్ దీనికి తిరగబడిన కేసు. రక్తం తీసేటప్పుడు గానీ ల్యాబుకు చేరేలోపు గానీ ఎర్రకణాలు చితికితే ఏ జబ్బూ లేకుండానే అది పెరుగుతుంది.

న్యూట్రోఫిల్స్‌ను లింఫోసైట్లు అనే ఇంకో రకం తెల్లకణాలతో భాగిస్తే వచ్చే నిష్పత్తి గురించి ఈమధ్య కుప్పలుగా పరిశోధన పత్రాలు వస్తున్నాయి. లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. 72 శాతం న్యూట్రోఫిల్స్, 18 శాతం లింఫోసైట్లు ఉంటే నిష్పత్తి 4. ఎక్కువ వస్తే మంచిది కాదన్నది నిజమే. కానీ ఒక పత్రం గీతను 3 దగ్గర గీస్తే ఇంకొకటి 4 దగ్గర, మరొకటి 5 దగ్గర గీస్తుంది, తరచుగా తమ రోగుల లెక్కలు చూశాకే. మెదడుకు జబ్బు పాకినప్పుడు వాపు తగ్గించడానికి ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఒక్కటి చాలు, ఈ నిష్పత్తి తారుమారవడానికి. మంచం దిగలేని మనిషికీ, పొద్దున్నే నడకకు వెళ్లొచ్చిన మనిషికీ ఒకే నిష్పత్తి రావచ్చు. సర్జన్‌కు ఆ ఇద్దరూ ఒకటి కాదు.

కొత్త గుర్తుల్లో కిమ్-1 అనే ప్రొటీన్ మీద ఆశలున్నాయి. క్లియర్ సెల్ క్యాన్సర్ పుట్టే కిడ్నీ నాళికల కణాల నుంచే అది రక్తంలోకి రాలుతుంది. కాబట్టి సీఆర్‌పీలా ఊరందరి కబురూ మోయదు, కిడ్నీ కబురే చెబుతుంది. ఆపరేషన్ తర్వాత అటెజోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు, అంటే రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు, ఇచ్చి చూసిన ట్రయల్ మొత్తంగా విఫలమైనా, కిమ్-1 ఎక్కువున్నవారిలో ఆ మందు పనిచేసిన ఛాయలు కనిపించాయి. అయితే అది గడ్డ తీసేసినవారి కథ. గడ్డ ఇంకా లోపలే ఉన్నప్పుడు ఎవరికి కోత పెట్టాలన్నదానికి అది ఇంకా జవాబు కాలేదు.

ఈ అంకెల అవసరమే లేని ఆపరేషన్లు కూడా ఉన్నాయి. మూత్రంలో రక్తం ఆగకపోతే, నొప్పి మందులకు లొంగకపోతే, ఆయుష్షు లెక్కలు పక్కనపెట్టి ఉపశమనం కోసం కిడ్నీ తీయవచ్చు. మనిషి కోతకు తట్టుకోలేడనుకుంటే గడ్డకు వెళ్లే రక్తనాళాన్ని లోపలి నుంచి మూసేస్తారు.

ఇక నన్ను ఎక్కువ ఒప్పించేది ఒక్కరోజు అంకె కంటే దాని నడక. 2019లో వెలువడిన సర్‌టైమ్ ట్రయల్ ఒక వర్గానికి ముందే ఆపరేషన్ చేసి, రెండో వర్గానికి ముందు మూడు విడతల సునిటినిబ్ ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేసింది. చేరింది 99 మందే, అనుకున్నది అంతకు నాలుగింతలకు పైగా. 28 వారాల దగ్గర జబ్బు ముదరనివారి శాతం రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే. ఆయుష్షు మాత్రం ముందే కోత పెట్టినవారిలో 15 నెలలు, ఆగి పెట్టినవారిలో 32.4 నెలలు. చిన్న ట్రయల్ కాబట్టి 32.4ను శిలాక్షరంలా పట్టుకోకూడదు. దాని వెనుక ఉన్న తర్కం మాత్రం గట్టిది. ముందు మందు ఇస్తే జబ్బు తన గుణాన్ని తానే బయటపెడుతుంది. మందు నడుస్తుండగానే ముదిరిపోయినవారికి అనవసరపు కోత తప్పుతుంది. మందుకు ప్లేట్‌లెట్లు దిగి, హిమోగ్లోబిన్ మెల్లగా ఎక్కి, మనిషి తిండి తినడం మొదలుపెడితే, అప్పుడు కత్తి గురించి మాట్లాడటంలో అర్థముంటుంది.

సునిటినిబ్ రోజులు కూడా ఇప్పుడు వెనకబడ్డాయి. ఇమ్యూనోథెరపీతో కూడిన మందుల జోడీలు, 2018లో నివోలుమాబ్-ఇపిలిముమాబ్, 2019లో పెంబ్రోలిజుమాబ్-యాక్సిటినిబ్, వచ్చి మొదటి వరస చికిత్సను మార్చేశాయి. 2001 నుంచి 2019 దాకా చెప్పుకున్న ట్రయల్స్ అన్నీ ఈ మందులు లేని కాలానివి. అందుకే కొత్త మందులతో అదే ప్రశ్నను మళ్లీ అడగవలసి వచ్చింది, అమెరికాలో ప్రోబ్ పేరుతో, డెన్మార్క్ నాయకత్వంలో నార్డిక్-సన్ పేరుతో. రెండింటిలోనూ ముందు ఇమ్యూనోథెరపీ, కోత తర్వాతి మాట. నార్డిక్-సన్‌లో సుమారు మూడు నెలలు మందు ఇచ్చాక వైద్యుల బృందం స్కాన్ చూస్తుంది, రక్తం మళ్లీ తీయిస్తుంది, ఐఎండీసీ మార్కులు మళ్లీ లెక్కపెడుతుంది. మూడు దాటితే అప్పటికి ఆపరేషన్ ఊసు ఉండదు. మూడు గానీ అంతకు తక్కువ గానీ ఉండి, ఆపరేషన్‌కు వీలుంటే, ఎవరికి కోత, ఎవరికి మందే అన్న లాటరీ అప్పుడు తీస్తారు.